బ్యారేజీ మీద ఉడికిన కారు

రాజమండ్రి పేరు 2015లో రాజమహేంద్రవరంగా మారింది గాని, మా పల్లెల్లో నోటికి ఇంకా రాజమండ్రే. 2016 వేసవిలో మేము వారానికి రెండుసార్లు అక్కడికి వెళ్లవలసి వచ్చింది. మా సంఘ పెద్ద ఒకాయనకు మూత్రపిండాలు చెడి డయాలసిస్ చేయిస్తున్నారు. ఆయన బస్సులో కూర్చోలేరు. మా పాత చిన్న కారే దిక్కు.

నిడదవోలు వైపు నుండి కాలువ గట్టున విజ్జేశ్వరం చేరి బ్యారేజీ ఎక్కుతాము. కాటన్ దొర 1852 నాటికి పూర్తి చేయించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది ఇదే. విజ్జేశ్వరం, మద్దూరు, ర్యాలి, ధవళేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం 175 తలుపులు. మే నెలలో ఎగువన నిండా నీళ్లు, దిగువన కనుచూపు మేర ఇసుక. చూడటానికి బాగుంటుంది. కాని దారి ఇరుకు. ఎదురుగా బస్సు, వెనుక గడ్డి ట్రాక్టరు ఉంటే అడుగు తీసి అడుగు వేయడమే.

మొదటిసారి ర్యాలి భాగం చేరకముందే ముల్లు ఎర్రగీత తాకింది. బొబ్బర్లంక దగ్గర చోటు చూసి ఆపి, ఇంజను కట్టేశాము. తొందరపడి రేడియేటర్ మూతను గుడ్డతో తిప్పబోతే ఆవిరి తన్ని మా మణికట్టు బొబ్బలెక్కింది. మూత లోపల నీరు ఒత్తిడిలో ఉంటుంది. నూరు డిగ్రీలు దాటినా మరగకుండా నిలిచి, మూత వదులు కాగానే ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఇంజను పూర్తిగా చల్లారేవరకు ఆ మూత జోలికి పోరాదు. కాలిన ఇంజనులో చన్నీళ్లు గుమ్మరించినా అది పగిలే ప్రమాదముంది.

అరగంట పైగా ఆగి, సీసా తరువాత సీసా నీళ్లు పోశాము. పెద్దాయన వెనుక సీట్లో నుండి చూస్తున్నారు. ఆయనకు రోజుకు ఇన్ని గ్లాసులని డాక్టరు లెక్కగట్టారు. పెదవులు ఎండి ఉన్నాయి. "కారుకు లెక్క లేదు గదా అయ్యగారూ, తాగనివ్వండి" అని నవ్వారు. మాకు నవ్వు రాలేదు. ఆసుపత్రి చేరేసరికి ఆయన వంతు దాటిపోయి, సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది.

మెకానిక్ ధర్మోస్టాట్ మార్చి, రేడియేటర్ కడిగి డబ్బు తీసుకున్నాడు. తరువాతి ప్రయాణంలో మళ్లీ అదే చోట అదే కథ. అప్పుడు మా శ్రీమతి అన్నమాట: "ఏమండీ, కాలువ గట్టు మీద వేగంగా వచ్చినంతసేపూ ముల్లు కదలదు. నడక దగ్గరే ఎక్కుతుంది. గాలి చాలడం లేదేమో." కారు నడిపే మాకు తోచనిది, పక్కన కూర్చున్న ఆమెకు తోచింది.

నిజమే. వేగంగా పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లారుస్తుంది. నెమ్మదిగా పోయేటప్పుడు ఆ పని ఫ్యాను చేయాలి. రెండు చోట్లా కాగితే నీళ్లు తగ్గడం, రేడియేటర్ పూడుకోవడం, పంపు, ధర్మోస్టాట్ చూడాలి. రద్దీలో మాత్రమే కాగితే మొదట ఫ్యాను చూడాలి.

ధవళేశ్వరంలో కార్ల వైరింగు చేసే ఒక యౌవనస్థుడు బండిని నిలిపి ఇంజను నడిపించాడు. ముల్లు ఎక్కింది, ఫ్యాను తిరగలేదు. రేడియేటర్ దగ్గరి స్విచ్చి తీగలు ఊడదీసి, రెంటినీ చిన్న వైరుతో కలిపాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. అంటే మోటారు, ఫ్యూజు బాగున్నాయి, వేడి తగలగానే కలవవలసిన స్విచ్చే చచ్చింది. తిరగకపోయి ఉంటే ఫ్యూజు, రిలే, మోటారు వెదికేవాడు. ఇంజను ఆపినా కొన్ని కార్లలో ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుందని, వేళ్లు పెట్టవద్దని మమ్మల్ని వారించాడు. రేడియేటర్ రెక్కల్లో గడ్డి నుసి కూడా చాలా ఉంది. లోపలి వైపు నుండి మెల్లగా నీళ్లు కొట్టి వదిలించాడు. దారిలో ముల్లు ఎక్కితే ఏసీ ఆపి హీటరు పూర్తిగా పెట్టమన్నాడు, ఇంజను వేడి కొంత అటు పోతుందట. మే నెలలో హీటరు! అయినా ఎర్రగీత దాకా పోతే బండి ఆపడమే.

కొత్త స్విచ్చితో వెళ్లిన రోజు ర్యాలి భాగం మీద వాహనాలు బారులు తీరి ఉన్నాయి. ముల్లు సగం దాటింది. మేము ఊపిరి బిగబట్టాము. ఇంతలో ముందు నుండి 'గుయ్'మని చప్పుడు.

"అదేనా అయ్యగారూ?" అన్నారు పెద్దాయన.

"అదేనండీ."

ఆయన కిటికీ వైపు తిరిగి, ఎగువనున్న నీళ్లను చూస్తూ కూర్చున్నారు.