చిత్తూరునుండి తిరుపతికి: ఒక అనుమతిపత్రపు ప్రయాణము

మా మేనకోడలు అయిదేండ్లుగా దుబాయి పట్టణమున కట్టడముల యింజనీరుగా కొలువు చేయుచున్నది. గత వేసవిలో నామె సెలవుపై చిత్తూరునకు వచ్చి, ఇక నొకరి క్రింద నుండక, కట్టడపు పనుల నిర్వహణపై సలహా లిచ్చు సంస్థను తన పేరనే నెలకొల్ప నెంచితి నని మాతో చెప్పెను. సంతోషమును భయమును మాకు జంటగా కలిగినవి. సలహా యిచ్చుటకు గూడ లైసెన్సు కావలయునా యని మే మడుగగా నామె నవ్వి, “అత్తా! మన యూర నడుగకయే యిత్తురు. అచ్చట అడిగినవారి కిచ్చుటకును కాగితము కావలయును” అనెను.

ఆమె వివరించిన దానిని సోదరీమణులకు దెలుపుచున్నాము. ఆ దేశమున సరకు లమ్ముటకు లైసెన్సు వేఱు, విద్యనుబట్టి చేయు వృత్తికి వేఱు. 2021వ సంవత్సరమున కంపెనీల చట్టము మాఱినది మొదలు పెక్కు వ్యాపారములయందు పరదేశీయులే పూర్తి యజమానులు కావచ్చును. అయినను చదువుపట్టా నిజమైన దని రుజువు చూపవలెను. మొదట మన రాష్ట్ర ప్రభుత్వపు ముద్ర, పిదప కేంద్ర విదేశాంగశాఖ ముద్ర, ఆపై వారి రాయబార కార్యాలయపు ముద్ర, కడపట వారి దేశమున మఱియొకటి! సింగపూరు వంటి దేశములకైనచో మన విదేశాంగశాఖవారి ‘అపోస్టిల్’ ముద్ర యున్నచో రాయబార కార్యాలయపు ముద్ర యక్కఱలేదట.

ముద్రల మాట యటుండ, చిక్కు వేఱొకచోట నుండెను. ఆమె పేరు శారద. ఇంగ్లీషున వ్రాయునపుడు పాస్‌పోర్టులో ‘హెచ్’ అను నక్షర మున్నది, పట్టాలో లేదు. పదవతరగతి పరీక్షకు పేర్లు పంపినపుడు ఆ యక్షరమును విడిచిన చేయి మావారిదే. ఆ సంగతి తెలిసిన రాత్రి వారు అన్నము సరిగా తినలేదు. పిల్ల తన కూడబెట్టిన సొమ్మంతయు నీ పనికై తీసి యుంచినది; సెలవు మూడు వారములే. మఱునాడే చిత్తూరులో నోటరీ యెదుట, ఈ రెండు పేర్లును నొక్క మనిషివే యని ప్రమాణపత్రము వ్రాయించి, ఆమె చదివిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున పట్టా పరిశీలనకై దరఖాస్తు పెట్ట, మువ్వురమును తిరుపతికి బయలుదేరితిమి.

దారిలో కాణిపాకమున దిగితిమి. ఇచ్చటి వరసిద్ధి వినాయకుని సన్నిధిని అబద్ధపు ప్రమాణము చేయుట కెవరును సాహసింప రని ప్రతీతి. నోటరీ యెదుట చెప్పిన మాటనే పిల్ల మరల నిచ్చటను చెప్పుకొనినది కాబోలు, చాలసేపు కన్నులు దెఱువలేదు. ప్రక్కనే బాహుదానది; వేసవి యగుటచే నీరు లేదు. అన్నయగు శంఖుని యనుమతి లేక తోటలోని పండు దిని, తానే రాజునొద్దకు బోయి శిక్ష కోరి చేతులు గోల్పోయిన లిఖితునికి ఈ నదియందే మరల చేతులు వచ్చె నని స్థలపురాణము. భారతమునను శాంతిపర్వమున నీ కథ కలదు. మేము చెప్పగా పిల్ల, “అనుమతి లేనిదే పని మొదలిడినచో అచ్చటను శిక్ష తప్పదు, చేతులు మాత్రము నిలుచును, అత్తా” అనెను.

చంద్రగిరి రాజమహలు నెన్నిసార్లు చూచినను మాకు తనివి తీరదు. కొయ్య యనునది లేక రాయి, ఇటుక, సున్నములతో మూడంతస్తులు లేపిరి. 1639లో ఇంగ్లీషు కంపెనీవారి వర్తకుడు ఫ్రాన్సిస్ డే మద్రాసునందు కోట కట్టుటకు దామర్ల వేంకటాద్రి నాయకునివలన ననుమతి పొందెను. 1645లో విజయనగర రాజవంశపు శ్రీరంగరాయలు దానిని ధ్రువపఱచెను. ఆనాడు పరదేశులు మన ప్రభువుల వాకిట కాగితమునకై నిలిచిరి! వారి పేరున నే యక్షరము తప్పినదో యెవ్వరడిగిరి? ఆ కాగితము వెంట వచ్చిన దానిని మనమందఱ మెఱుగుదుము. మా పిల్ల కోరునది మాత్రము ఒక బల్ల, రెండు కుర్చీలు పట్టు గది.

తిరుపతి చేరునప్పటికి పదకొండు గంటలయ్యెను. పట్టాపై చిత్తూరుజిల్లా యని యున్న యూరు 2022 ఏప్రిల్ 4 నుండి వేఱు జిల్లా యైనది గదా, దీనికిని ప్రమాణపత్రము కావలయునేమో యని మావారు దారిపొడవునను బెంగపడిరి. కిటికీకడ నున్న యాయన నవ్వి, అక్కఱలే దనెను. ఆ నవ్వుతో వారి ముఖము కొంత తేటపడినది.

దరఖాస్తు నింపవలసి వచ్చినపుడు పిల్ల కలమును వారి చేతి కిచ్చి, “మామా! మీరే వ్రాయండి” అనెను. మావారు కాదనిరి. ఆమె వినలేదు. అప్పుడు వారు కంటియద్దములు తుడిచి పెట్టుకొని, ఒక్కొక యక్షరమును పిల్ల నడిగి యడిగి వ్రాసిరి. ‘హెచ్’ దగ్గఱ కొంచెము ఆగి, ఒత్తి వ్రాసిరి. ఎండలో వేపచెట్టు క్రింద నిలిచి మేము తెచ్చిన పెరుగన్నపు మూట విప్పుచుంటిమి.