చెమటకూ ఒక శాస్త్రం

డిగ్రీ ఆఖరి సంవత్సరంలోకి వచ్చామంటే చాలు, ఎదురైన ప్రతివారూ "తర్వాత ఏం చేస్తావు?" అంటారు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అంటే తల ఊపుతారు. బీఎడ్ అంటే సంతోషిస్తారు. వ్యాయామ శాస్త్రంలో పీజీ చేద్దామనుకుంటున్నానని నేను చెబితే మాత్రం మా పెదనాన్న, "ఇన్నాళ్ళూ చదివించింది పిల్లల చేత గుంజీలు తీయించడానికట్రా?" అన్నాడు.

ఆయన్ననుకుని లాభం లేదు. మా ఊళ్ళో ఆ చదువంటే డ్రిల్లు మాస్టారూ, ఆయన మెడలో ఈలా. మాస్టారంటే నాకు గౌరవమే కానీ నేను చెప్పే చదువు వేరు. మనిషి కదిలేటప్పుడు కండరంలో, గుండెలో, ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుందో కొలిచి చెప్పే శాస్త్రం ఇది. మనం జువాలజీలో చదువుకునే కప్పే దీనికి తొలి గురువు. దాని కండరం ముడుచుకున్నప్పుడు పుట్టే వేడిని కొలిచిన ఏ.వి. హిల్‌కు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. ఆయన మొదట చదివింది లెక్కలు!

ఇదంతా ఆటగాళ్ళ కోసమే అనుకునేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1927 నుంచి 1947 దాకా ఒక 'అలసట ప్రయోగశాల' నడిచింది. 1932లో అక్కడి శాస్త్రజ్ఞులు ఎడారిలో హూవర్ డ్యామ్ కడుతున్న కూలీల దగ్గరకు వెళ్ళారు. అంతకు ముందటి వేసవిలో అక్కడ ఎండదెబ్బకు మనుషులు చచ్చిపోయారు. చెమటతో నీళ్ళతోపాటు ఉప్పూ పోతుందనీ, దాన్ని తిరిగి ఇవ్వాలనీ వారు కొలిచి చెప్పారు. పొలానికి పంపే మజ్జిగలో మా నాయనమ్మ ఉప్పు కలిపేది. ఎంత కలపాలో లెక్క కట్టడం శాస్త్రం పని.

మన దేశంలోనూ ఇలాంటి లెక్క ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల ప్రకారం, కూర్చుని పనిచేసే 65 కిలోల మగవాడికి రోజుకు 2110 కిలోకేలరీలు కావాలి. బరువు పని చేసేవాడికి 3470. రెండింటికీ మధ్య 1360 తేడా. ఆ తేడాకి మా ఇంట్లో పేరు కష్టం.

ఊడ్పుల రోజుల్లో మా అమ్మ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగే ఉంటుంది. రాత్రికి "నడుం పడిపోయిందిరా" అంటుంది. ఫిజిక్సులో మీటల సూత్రం గుర్తు చేసుకోండి. వీపు కండరాలు వెన్నుపూసకు బాగా దగ్గరగా ఉంటాయి. వంగిన ఒంటి బరువేమో దూరంగా ముందుకు వేలాడుతుంది. దాన్ని నిలపడానికి ఆ కండరాలు ఆ బరువుకు కొన్ని రెట్లు లాగాలి. అలా రోజంతా!

గ్వాలియర్‌లో 1957లో మొదలైన లక్ష్మీబాయి వ్యాయామ విద్యాసంస్థ ఉంది. కానీ రెండేళ్ళ ఫీజూ హాస్టలూ అంటే మాకు రెండు పంటల మాట. ఉద్యోగం వస్తుందని నేను హామీ ఇవ్వలేను. నాన్న ఔననలేదు, కాదనలేదు. "నడుం సంగతి నిజంగా చదువుతారా అక్కడ?" అని మాత్రం అడిగాడు.

పరుగుపందెంలో సెకనులో వందో వంతు తగ్గించడానికి ఇంత శాస్త్రం ఉన్నప్పుడు, ఊడ్పుల్లో ఒక నడుముకు గంటసేపటి నొప్పి తగ్గించడానికి కొంతైనా ఉండొద్దూ?