గాజుతొట్టిలో సముద్రం

పల్నాటి సీమకు సముద్రం లేదు. ఉత్తరాన కృష్ణానది పారుతుంది. నల్లరేగడి నేలల్లో మిరప, ప్రత్తి పండుతాయి. మాచర్ల, పిడుగురాళ్ల పరిసరాల్లో ఎటు తవ్వినా నాపరాయి, సున్నపురాయి పలకరిస్తాయి. అలలు చూడాలంటే ఇక్కడివారు బాపట్ల దగ్గరి సూర్యలంక దాకా వెళ్ళవలసిందే. అటువంటి సీమలో, నరసరావుపేటలోని ఒక ఇంటి వసారాలో, వృక్షశాస్త్రం బోధించే ఒక అధ్యాపకుడు చిన్న సముద్రాన్ని నిలుపుకున్నాడు. అది 150 లీటర్ల గాజుతొట్టి. బోరునీటిలో లీటరుకు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు కలిపి ఆ తొట్టి నింపాడు. అడుగున తెల్లని ఇసుక పరిచాడు. పెంపకకేంద్రంలో పుట్టిన రెండు నారింజరంగు క్లౌన్ చేపలు, నాలుగు నత్తలు, ఒక రొయ్య ఆ సముద్రపు ప్రజలు.

నాలుగు నెలలు అంతా సవ్యంగా సాగింది. అయిదవ నెలలో ఇసుక మీద ఒక మూల రూపాయి బిళ్ళంత ఎర్రని మరక కనిపించింది. వారం తిరిగేసరికి అది ముదురు ఎరుపు ముఖమల్ గుడ్డలా ఇసుకనంతా కప్పింది. పగటివేళ దానిమీద సన్నని గాలిబుడగలు ముత్యాలవలె మెరిసేవి. వేలితో తాకితే జిగురుగా, పొరలు పొరలుగా ఊడివచ్చేది. "పాచి పట్టింది" అనుకొని ఆయన గరిటెతో గీకి పారవేశాడు. మూడవనాటికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ గీకాడు. మళ్ళీ వచ్చింది.

సహనం నశించినవానికి మందు తొందరగా దొరుకుతుంది. ఆయన ఒక సీసా కొని తెచ్చాడు. పాచిని నిర్మూలిస్తుందని దానిమీద రాసి ఉంది. అందులో రాగి లవణం ఉన్నదన్న సంగతి చిన్న అక్షరాలలో ఉంది. ఆయన పెద్ద అక్షరాలు మాత్రమే చదివాడు. రాత్రి మందు వేసి పడుకున్నాడు. తెల్లవారి లేచి చూస్తే నత్తలు గాజును వదలి ఇసుకలో పడి ఉన్నాయి. రొయ్య కదలలేదు. చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఎర్రని పొర మాత్రం కొంత వెలిసి, ఉన్నచోటనే ఉంది. వెన్నెముక లేని జలచరాలకు రాగి విషమని ఆయనకు తెలియక కాదు. తెలిసినదానిని తలచుకొనే ఓపిక ఆ రాత్రి ఆయనకు లేకపోయింది.

ఆ ఉదయమే ఆయన పొరలోని చిన్న ముక్కను కళాశాల సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. సన్నని పోగులు, ఒకదానితో ఒకటి అల్లుకొని ఉన్నాయి. కణాలలో కేంద్రకం లేదు. అది పాచి కాదు, అసలు మొక్క జాతే కాదు. తాను ఏటా తరగతిలో నీలి ఆకుపచ్చ శైవలాలని పేరు రాసి, అవి నిజానికి శైవలాలు కావు, సయనోబాక్టీరియా అని వివరించే జీవి అదే. ఇరవై ఏళ్ళు చెప్పిన పాఠం ఇంటికి వచ్చి ఎదుట నిలబడితే ఆయన గుర్తుపట్టలేదు.

ఆ జీవిని శత్రువని తేలికగా అనలేము. సుమారు 240 కోట్ల సంవత్సరాల క్రితం భూమి వాతావరణంలో ప్రాణవాయువు నిండడం మొదలైనది దాని కిరణజన్య సంయోగక్రియ వలననే. మనం పీల్చే ఊపిరి దాని పూర్వులు పెట్టిన భిక్ష. వరిమళ్ళలో గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందించే జీవ ఎరువుగా రైతులు దాని బంధువులను వాడుతున్నారు. అయితే నిలిచిన నీరు, వెలుతురు, మితిమీరిన పోషకాలు ఒకచోట కలిస్తే అదే జీవి ఊపిరాడనివ్వని దుప్పటిగా మారుతుంది.

ఆ రోజులలోనే, గురజాల దగ్గరి పల్లెలో ఉండే ఆయన తల్లి కంటిపరీక్ష కోసం కొడుకు ఇంటికి వచ్చింది. ఆమె వసారాలో కుర్చీ వేసుకొని రెండు రోజులు ఆ తొట్టిని చూసింది. మూడవనాడు కొడుకును పిలిచింది.

"అబ్బాయ్, నువ్వు దాన్ని చంపుతున్నావో మేపుతున్నావో నాకు తెలియటం లేదు. పొద్దున ఒకసారి మేత వేస్తున్నావు, మధ్యాహ్నం కోడలు వేస్తోంది, రాత్రి పిల్లవాడు వేస్తున్నాడు. ఉన్నవేమో రెండు చేపలు. మిగిలిందంతా ఎవరు తింటున్నారు?"

ఆయన సమాధానం చెప్పలేదు. ఆమె మళ్ళీ అన్నది:

"మన మంచినీళ్ళ చెరువు చుట్టూ కంప నాటి, గొడ్లను దిగనిచ్చేవాళ్ళం కాదు. గొడ్లకు వేరే కుంట ఉండేది. బిందె ముంచేవాళ్ళు కాళ్ళు కడుక్కొని దిగేవాళ్ళు. నీళ్ళు మట్టిగా ఉంటే కుండలో చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్ళం. పాచికి మాత్రం చిల్లగింజ పనిచేయదురా. చెరువులోకి ఏం పోతోందో చూసుకోవాలి."

ఆ మాటతో అధ్యాపకుని చూపు పొర మీదినుంచి తొట్టిలోకి పోయే వస్తువుల మీదికి మళ్ళింది. మొదట మేత. తినకుండా మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తాయి. మేతలోని భాస్వరం ఫాస్ఫేటై నీటిలో చేరుతుంది. రెండవది నీరు. పరీక్ష సామగ్రితో చూస్తే, చేపలు ఎరుగని బోరునీటిలోనే నైట్రేటు ఉన్నది. భూగర్భజలాల్లో ఫ్లోరైడు బాధ ఈ సీమకు పాతదే. ఏటేటా ఎరువులు చల్లే పొలాల నడుమ బోరులో నైట్రేటు కూడా చేరడం వింత కాదు. మూడవది ప్రవాహం. పొర మొదట పుట్టిన మూలకు పంపు తోసే నీరు చేరడం లేదు. ఎర్రని పొర ఈ మూడు తప్పులకూ పైకి కనిపించే లెక్క.

చికిత్స చాలా సాధారణమైనది, చాలా నెమ్మదైనది. రాగి కలిసిన పాత నీటిని విడతలుగా మార్చాడు. మేత రోజుకు ఒక్కపూట, అదీ రెండు నిమిషాలలో చేపలు తినగలిగినంతే వేశాడు. శుద్ధియంత్రంలో వడగట్టిన నీటితోనే ఉప్పునీరు కలిపాడు. వారానికి ఒకసారి సన్నని రబ్బరు గొట్టంతో పొరను పీల్చి తీసి, ఆ మేరకు కొత్త నీరు పోశాడు. పంపు మూతిని ఆ మూలవైపు తిప్పాడు. 12 గంటలు వెలిగే దీపాన్ని 8 గంటలకు తగ్గించాడు. ఒకసారి మూడు రోజులు తొట్టికి దుప్పటి కప్పి చీకటి చేశాడు. చచ్చిన పొర కుళ్ళి ప్రాణవాయువును హరిస్తుంది గనుక ఆ మూడు రోజులూ గాలిబుడగల యంత్రాన్ని ఆపలేదు. ఎరిత్రోమైసిన్ వేస్తే ఒక్క వారంలో పోతుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఆయన ఒప్పుకోలేదు. ఆ మందుకు చెడ్డ సూక్ష్మజీవికీ, అమ్మోనియాను హరించే మంచి సూక్ష్మజీవికీ భేదం తెలియకపోవచ్చు. పైగా మనుషుల ప్రాణాలు నిలిపే మందును ఇసుక శుభ్రం చేయడానికి పారబోయడం ఆయనకు న్యాయమనిపించలేదు. ఆరు వారాలకు ఇసుక తెల్లబడింది.

ఇంతలో పల్లెనుంచి కబురు వచ్చింది. అక్కడి మంచినీళ్ళ చెరువు పచ్చబడింది. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత ఈ సీమ రూపురేఖలు మారాయి. కుడికాలువ అయిన జవహర్ కాలువ నీటితోనే ఎన్నో పల్లెలు వేసవికి చెరువులు నింపుకుంటాయి. ఆ ఊరి చెరువూ అటువంటిదే. ఇప్పుడు గట్టు వెంట నీటిమీద ఆకుపచ్చ రంగు ఒలకబోసినట్లు తెట్టు కట్టింది. మైలుతుత్తం తెచ్చి చల్లుదామని పెద్దలు నిశ్చయించుకున్నారు. అధ్యాపకుడు తల్లిని వెంటబెట్టుకొని బయలుదేరాడు.

మైలుతుత్తం కూడా రాగి లవణమే. అమెరికా వ్యవసాయశాఖకు చెందిన మూర్, కెల్లర్‌మన్ అనే శాస్త్రజ్ఞులు 1904లోనే జలాశయాల్లో దాని ఉపయోగాన్ని ప్రకటించారు. తెట్టు కట్టకముందే, నిపుణుల కొలత ప్రకారం వేస్తే అది పనిచేస్తుంది. కానీ చిక్కగా పెరిగిన తరువాత వేస్తే కణాలు ఒక్కసారిగా పగులుతాయి. సయనోబాక్టీరియాలో కొన్ని జాతులు తమలో విషం దాచుకుంటాయి. కణం పగిలితే ఆ విషం నీటిలో కలుస్తుంది. కాచినా అది పోదు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో ఈరీ సరస్సు నీటికి ఇదే దుస్థితి పట్టి, నాలుగు లక్షల మందికి పైగా కుళాయినీరు తాగకుండా ఉండవలసివచ్చింది. చావిట్లో కూర్చున్న పెద్దలకు అధ్యాపకుడు ఇవన్నీ చెప్పాడు. తన నత్తల సంగతి కూడా దాచకుండా చెప్పాడు.

"మరి ఏం చేయమంటావు?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"ఈ నీళ్ళు తాగటం ఆపుదాం, పెదనాన్నా. గొడ్లను కూడా దిగనివ్వొద్దు. నీళ్ళు పరీక్షకు పంపుదాం. ఆ తరువాత చెరువు చుట్టూ ఒకసారి నడిచి చూద్దాం."

నడిచారు. మిరపచేల మురుగు ఒకచోట గండి చేసుకొని చెరువులోకి దిగుతోంది. గట్టుకు ఆనుకొని నాలుగు పేడకుప్పలు ఉన్నాయి. నాటి కంప ఎప్పుడో పోయింది. గొడ్లు దిగిన దారి స్పష్టంగా ఉంది. చెప్పవలసిన మాట ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

కెనడాలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రజ్ఞుడు 1973లో ఒక సరస్సును తెరతో రెండుగా విభజించి ప్రయోగం చేశాడు. రెండు వైపులా కర్బనం, నత్రజని కలిపాడు. ఒకవైపు మాత్రం భాస్వరం కూడా చేర్చాడు. భాస్వరం చేర్చిన వైపే నీరు పచ్చబడింది. ఆ ప్రయోగాన్ని వినని ఆ తల్లి, చెరువులోకి ఏం పోతోందో చూడమన్నది. ప్రయోగశాలకూ పల్లెకూ నడుమ దూరం మనం అనుకున్నంత లేదు.

ఆ వేసవి ఊరివారు ట్యాంకరు నీటితో గడిపారు. అది సుఖమైన వేసవి కాదు. బిందెల దగ్గర తగవులు వచ్చాయి. మైలుతుత్తం చల్లి ఉంటే ఈపాటికి తేలిపోయేదని గొణిగినవారూ ఉన్నారు. అయినా పేడకుప్పలు కదిలాయి. మురుగు మళ్ళించడానికి కాలువ తవ్వారు. నీరు తగ్గాక పూడిక తీశారు. ఏళ్ళ తరబడి చేరిన భాస్వరం ఆ బురదలోనే నిలువ ఉంటుంది. మరుసటి ఏడు చెరువు పచ్చబడకపోలేదు గానీ తెట్టు కట్టలేదు. తరువాతి ఏడు ఇంకా తగ్గింది.

నరసరావుపేట ఇంటి వసారాలో ఆ గాజుతొట్టి నేటికీ ఉంది. కొత్త నత్తలు వచ్చాయి. నీరు సరిగా తిరగని ఒక రాయి వెనుక గోరంత ఎర్రని మరక మిగిలి ఉంది. అధ్యాపకుడు దానిని తుడవడు. ఇంట్లో ఎవరైనా మేత కొసరి వేస్తే రెండు రోజులలో అది పెరిగి ఆ సంగతి చెబుతుంది. అప్పుడు ఆయన గరిటె వెతకడు. మేత డబ్బాను పై అరలో పెడతాడు.