అరటన్ను బండితో ఆరిజోనాకు

తిరునాళ్ళకో, పెండ్లికో కుటుంబమంతా గూడుబండి కట్టుకుని వెళ్ళిన రోజులు మన పల్లెల్లో పెద్దవారికి ఇంకా జ్ఞాపకమే. బండిలోనే పడక, చెట్టు క్రింద వంట, చీకటి పడినచోట మకాం. అమెరికాలో ఇంచుమించు ఇదే పద్ధతిలో సెలవులు గడిపే కుటుంబాలు లక్షలాదిగా ఉన్నాయి. వారి గూడుబండిని ట్రావెల్ ట్రైలరు అంటారు. అందులో మంచాలు, వంటగది, స్నానాలగది, నీళ్ళ తొట్టి అన్నీ ఉంటాయి, ఒక్క ఇంజను తప్ప. కనుక దానిని లాగడానికి ముందు ఒక పికప్ ట్రక్కు కావాలి.

ఎక్కువమంది దగ్గర ఉండేది "అరటన్ను" పికప్. ఫోర్డ్ ఎఫ్-150, షెవ్రోలే సిల్వరాడో 1500, రామ్ 1500 వంటివి ఈ తరగతివే. పూర్వం ఇలాంటి బండి మీద అరటన్ను, అనగా వెయ్యి పౌండ్లు వేయవచ్చు అనే లెక్కన ఆ పేరు వచ్చింది. ఇప్పటి బండ్లు అంతకంటె ఎక్కువే మోస్తాయి గాని పేరు మాత్రం మారలేదు. పౌండంటే దాదాపు 450 గ్రాములు.

మేము టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ దగ్గర కాపురముంటున్నాము. 2019 జూన్‌లో నరసరావుపేట దగ్గర పల్లె నుండి నాన్నగారు మమ్మల్ని చూడ వచ్చారు. ఆయనకు గ్రాండ్ కాన్యన్ చూపించాలని మా ఆశ. దారి వెయ్యి మైళ్ళకు పైమాటే, మన లెక్కలో సుమారు 1,700 కిలోమీటర్లు. మేమిద్దరం, పిల్లలిద్దరు, నాన్నగారు. పాతదే అయినా మంచి స్థితిలో ఉన్న 26 అడుగుల ట్రైలరు ఒకటి కొన్నాము. "మీ ట్రక్కు తొమ్మిది వేల పౌండ్లు లాగుతుంది, ఈ ట్రైలరు ఏడు వేలకు మించదు, నిశ్చింతగా వెళ్ళండి" అన్నాడు అమ్మినాయన. మేము నిశ్చింతగానే బయలుదేరాము.

ఆ ట్రైలరులో వంటగది వెనక కొసన ఉంది. బియ్యం, పప్పులు, పచ్చడి జాడీలు, గ్రైండరు అన్నీ అక్కడే సర్దాము. నీళ్ళ తొట్టి కూడా ఇరుసుకు వెనకవైపే. దానినిండా 40 గ్యాలన్ల నీళ్ళు పట్టాము. అవే 330 పౌండ్లు! పిల్లల సైకిళ్ళు రెండూ వెనక బంపరుకు కట్టాము. నాన్నగారు చుట్టూ తిరిగి చూసి, "ఒరే అబ్బాయ్, బరువంతా వెనకనే వేశారేమిట్రా? వెనక మొగ్గిన బండిని ఎద్దులేం లాగుతాయి? కాడి పైకి లేచి వాటి గొంతు పట్టుకుంటుంది గాని" అన్నారు. "ఇది ఎద్దుబండి కాదు నాన్నగారూ" అని మేమిద్దరమూ నవ్వాము. ఆయన ఇంకేమీ అనలేదు. ట్రైలరులో మంచం మీద పడుకుని రావచ్చునా అని మాత్రం అడిగారు. చాలా రాష్ట్రాల్లో అది చట్టవిరుద్ధమనీ, అన్నిచోట్లా ప్రమాదమేననీ చెప్పి ట్రక్కులోనే కూర్చోబెట్టాము.

డాలస్ నుండి అమరిల్లోకు 287 నంబరు రహదారిలో సుమారు 360 మైళ్ళు. విచిటా ఫాల్స్ దాటాక చెట్లు పలచబడి, పత్తిచేలూ పచ్చిక బీళ్ళూ మొదలవుతాయి. ఆ ప్రాంతమంతా అడ్డులేని మైదానం. అమెరికాలో గాలి ఎక్కువగా వీచే పట్టణాలలో అమరిల్లో ఒకటని తరువాత తెలిసింది. చిల్డ్రెస్ దాటిన తరువాత మధ్యాహ్నపు గాలి ప్రక్కనుండి కొట్టసాగింది. మేము గంటకు 70 మైళ్ళ వేగంతో పోతున్నాము. నిజానికి చాలా ట్రైలరు టైర్లకు 65 మైళ్ళే హద్దు. దానిని కూడా మేము చూడలేదు.

వెనకనుండి ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటింది. అది ప్రక్కకు రాగానే గాలి మమ్మల్ని అటు లాగింది, దాటిపోగానే ఇటు నెట్టింది. ట్రైలరు ఒకసారి కుడికి ఊగింది, తరువాత ఎడమకు ఇంకా ఎక్కువ ఊగింది. మూడవసారికి ట్రక్కు వెనక చక్రాలను కూడా అదే తోసింది. అద్దంలో మా ట్రైలరు ప్రక్కగోడ కనిపించింది. వెనక వచ్చేది ప్రక్కన కనిపించడం కంటె భయంకరమైన దృశ్యం డ్రైవరుకు లేదు. పిల్లలు అరవడం కూడా మరచిపోయారు.

అటువంటప్పుడు కాలు బ్రేకు మీదకు పోతుంది. అది చేయరాదు. ట్రక్కు నెమ్మదించినకొద్దీ వెనకది దానిని ఇంకా మెలిపెడుతుంది. వేగం పెంచనూ కూడదు. పెడలు మీదనుండి కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, ట్రైలరు బ్రేకులను మాత్రం చేతితో నొక్కే చిన్న మీట ఉంటుంది, దానిని మెల్లగా పిండాలి. మాలో ఒకరు స్టీరింగు పట్టుకుని ఉండగా, ఇంకొకరం ఆ మీట గుర్తుకు తెచ్చుకుని అందుకున్నాము. వెనకది తిన్నబడింది. రోడ్డు ప్రక్కకు తీసి ఆపిన తరువాత పావుగంట ఎవ్వరమూ మాట్లాడలేదు. నాన్నగారు ముందు దిగి సైకిళ్ళ కట్లు చూశారు. ఉదయం చెప్పిన మాట ఎత్తలేదు.

మిగిలిన దారి 50 మైళ్ళ వేగంతో పోయి అమరిల్లోలో ట్రైలర్లు నిలిపే ఒక స్థలంలో దిగాము. మరునాడు ఉదయం లారీల విడిది దగ్గర కాటాకు పోయాము. మన మిల్లుల దగ్గర ఉండే కాటా వంటిదే. కాకపోతే దిమ్మె మూడు భాగాలుగా ఉంటుంది. ట్రక్కు ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలరు ఇరుసులు వేరువేరుగా తూగుతాయి. ట్రైలరుతో ఒకసారి, విప్పి ట్రక్కును ఒక్కదానినే ఒకసారి తూచి తీసివేత వేస్తే ట్రైలరు తన నొగ ద్వారా ట్రక్కు మీద మోపే బరువు తెలుస్తుంది. మన ఎద్దుబండికి నొగ ఎలాంటిదో ట్రైలరుకు ముందుండే ఇనుప చట్రం అలాంటిదే.

ట్రైలరు మొత్తం 6,600 పౌండ్లు, నొగ బరువు 460. అంటే నూటికి ఏడు వంతులు. అది పది నుండి పదిహేను వంతుల దాకా ఉండాలి. పదికి తగ్గితే తోక ఊగుతుంది. నాన్నగారు చూపుతో చెప్పినదే కాటా చీటీ మీద అంకెల్లో వచ్చింది.

సరే, సామాను ముందుకు జరిపితే సరిపోతుందనుకున్నాము. అక్కడే రెండవ చిక్కు. నొగ మీద పెరిగే ప్రతి పౌండూ ట్రక్కు వీపు మీద పడుతుంది. డ్రైవరు తలుపు తీస్తే ద్వారబంధం మీద పసుపుపచ్చ చీటీ ఒకటి ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఎంతకు మించరాదో దానిలో వ్రాసి ఉంటుంది. మా ట్రక్కుకు 1,480 పౌండ్లు. మేము అయిదుగురం 620, కొక్కెం సామగ్రి 90, ట్రక్కు తొట్టిలో పనిముట్లు, కుర్చీలు, చెక్క దిమ్మెలు, మంచుపెట్టె 250. తొమ్మిది వేలు లాగుతుందన్న మాట అబద్ధం కాదు. కాని లాగే శక్తి వేరు, మోసే శక్తి వేరు. అరటన్ను బండికి ముందుగా నిండిపోయేది రెండవదే. బరువును పంచే కొక్కెం కొంత బరువును ముందు ఇరుసుకు, కొంచెం ట్రైలరు ఇరుసులకు మరలిస్తుంది గాని చీటీలోని హద్దును పెంచదు.

నీళ్ళ తొట్టి ఖాళీ చేశాము. దిగినచోట కుళాయి ఉండగా అంత నీరు మోయడం ఎందుకో! బియ్యం బస్తా, గ్రైండరు, జాడీలు మంచాల క్రిందకు చేర్చాము. సైకిళ్ళు విప్పాము. నొగ బరువు 720కి వచ్చింది. అప్పుడు ట్రక్కు లెక్క 1,680 అయింది, హద్దుకు 200 ఎక్కువ. తొట్టిలోని సామాను తీసి ట్రైలరులో సరిగ్గా ఇరుసుల పైన నేలమీద పరచి కట్టాము. అక్కడ వేసిన బరువు నొగను అంతగా కదిలించదు. ట్రక్కు మీద 1,430 మిగిలింది.

సైకిళ్ళు రెండూ కలిపి 80 పౌండ్లు. ట్రక్కు తొట్టిలో వేస్తే 1,510. ట్రైలరులో నేల మీద ఇక చోటు లేదు. ముప్ఫయి పౌండ్లే కదా అని పిల్లలు ఏడ్చారు. మాకూ మనసు లాగింది. నిన్నటి రోడ్డు గుర్తుకు వచ్చి, స్థలం యజమానిని అడిగి ఆయన కొట్టులో ఉంచాము. పిల్లలు ఆ పూట మాతో మాట్లాడలేదు. తాతయ్యతో మాత్రం మాట్లాడారు.

ఆ తరువాత 40 నంబరు రహదారి. వేగం 62 దాటనీయలేదు. లారీలు దాటినప్పుడు ఒక్క తోపు, అంతే. న్యూమెక్సికోలో ఆల్బుకర్కీకి ముందు సుమారు ఏడు వేల అడుగుల ఎత్తునుండి తిహేరాస్ కనుమ గుండా దిగాలి. అక్కడ ట్రైలరు లాగే మీట వేసి, చిన్న గేరులో ఇంజనునే బ్రేకుగా వాడుకుంటూ దిగాము. ఎక్కేటప్పుడు టర్బో లేని మా ఇంజను రొప్పింది. ఎత్తు పెరిగిన ప్రతి వెయ్యి అడుగులకు నూటికి సుమారు మూడు వంతుల బలం తగ్గుతుంది మరి. పెట్రోలు సంగతి చెప్పనక్కర లేదు, లీటరుకు నాలుగు కిలోమీటర్లు! రోజుకు 300 మైళ్ళు మించి పోరాదని నియమం పెట్టుకున్నాము. ప్రతి ఆగుడులో ఒకరం టైర్లను, చక్రాల కుండలను చేత్తో తాకి వేడి చూసేవాళ్ళం, ఇంకొకరం కొక్కెం, గొలుసులు, దీపాలు చూసేవాళ్ళం. నాన్నగారికి చెప్పకపోయినా తానూ ఒక చుట్టు తిరిగేవారు.

నాలుగవనాటి సాయంత్రం గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున, పార్కు లోపలనే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో దిగాము. లోయ దాదాపు మైలు లోతు. అడుగున కొలరాడో నది నూలుపోగులా కనబడింది. నాన్నగారు చాలాసేపు రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. చివరకు, "ఇంత లోతు నీరు తవ్విందా?" అని ఒక్క ప్రశ్న వేసి, పిల్లల చేతులు గట్టిగా పట్టుకున్నారు.

తిరుగు ప్రయాణంలో అమరిల్లోలో సైకిళ్ళు తీసుకున్నాము. అప్పటికి బియ్యం బస్తా సగమైంది, జాడీలు ఖాళీ. అయినా తొట్టిలో వేసి మళ్ళీ కాటా ఎక్కించాము. హద్దుకు 20 పౌండ్లు తక్కువ. నాన్నగారు చీటీ అడిగి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు.