అక్క క్లినిక్కూ, ఉచిత ఆఫీసూ, రెండో చిట్టా

అమెరికాలో 2009 ఫిబ్రవరిలో ఒక చట్టం వచ్చింది. పూర్తి పేరు హెల్త్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ ఫర్ ఎకనామిక్ అండ్ క్లినికల్ హెల్త్ యాక్ట్. అంత పొడుగు పేరు ఎవరు పలుకుతారు గనక, పొట్టిగా హైటెక్ యాక్ట్ అంటారు. మన హైటెక్ సిటీకీ దానికీ పేరులో చుట్టరికం ఏమీ లేదు (మనది హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజినీరింగ్ కన్సల్టెన్సీ సిటీ, మనలో సగం మందికి ఈ సంగతి తెలీదు). పనిలో మాత్రం కాస్త చుట్టరికం ఉంది. కాగితాలు మానేసి ఈఎంఆర్ వాడే డాక్టర్లకి అక్కడి ప్రభుత్వం ఎదురు డబ్బులిచ్చింది. దాంతో పుట్టిన పనుల్లో కొన్ని మాదాపూర్, గచ్చిబౌలి దాకా వచ్చాయి. నేనూ కొన్నేళ్ళు అలాంటి ప్రాజెక్టులోనే ఉన్నా. ఎక్కడో ఒహాయోలో ఒకావిడకి ఏ మందు పడదో స్క్రీను మీద ఏ రంగులో చూపించాలి అన్నదాని మీద మూడు వారాలు మీటింగులు పెట్టుకున్నాం.

సైబర్ టవర్స్‌ని 1998లో ప్రారంభించారు. పాతికేళ్ళు దాటింది. అక్కణ్ణించి అరగంట దూరంలో ఉన్న చిన్న చిన్న క్లినిక్కుల్లోకి వెళ్ళి చూడండి. ఒక పాత డెస్క్‌టాప్, సికింద్రాబాద్ సీటీసీలో అసెంబుల్ చేయించింది. అందులో విండోసు ఎవరిదో, ఆఫీసు ఎవరిదో ఆ దేవుడికే ఎరుక. మనం పొద్దున్నంతా కంపెనీలో లైసెన్స్ కంప్లయెన్స్ ట్రైనింగులు పూర్తిచేసి, సాయంత్రం బాబాయి గారింటికెళ్ళి కీజెన్ నడిపించి వచ్చే రకం కదా. కాదంటారా?

మా పెద్దమ్మ కూతురు పిల్లల డాక్టరు. మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంటు కింద చిన్న క్లినిక్కు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, రిసెప్షన్లో ఒక అమ్మాయి. ఈఎంఆర్ ఉంది. నెలనెలా అద్దె కట్టే రకం, విండోసు ప్రోగ్రాం, డేటా అంతా వాళ్ళ సర్వర్లో. ఉత్తరాలకీ సర్టిఫికెట్లకీ మాత్రం కంప్యూటర్ అమ్మినాయన ఊరికే వేసిచ్చిన ఆఫీసు. "ఒరేయ్, ఇది రోజూ ఎర్రగా అరుస్తోందిరా, ఏదో ఒకటి చెయ్యి" అంది అక్క. పేషెంట్ల వివరాలున్న మిషన్లో క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఉండటం డబ్బుల సమస్య ఒక్కటే కాదు. ఆ క్రాక్ రాసినవాడు ఇంకేం పెట్టాడో ఎవడికి తెలుసు? తీసేసి లిబ్రేఆఫీస్ పెట్టా.

దాని కథ మీకు తెలిసిందే, క్లుప్తంగా చెప్తా. స్టార్‌ఆఫీస్‌ని సన్ 1999లో కొని, 2000లో ఓపెన్‌ఆఫీస్‌గా సోర్సు బయటపెట్టింది. 2010లో సన్ వెళ్ళి ఒరాకిల్ చేతిలో పడింది. అదే ఏడాది సెప్టెంబరులో డెవలపర్లు చాలామంది బయటికొచ్చి లిబ్రేఆఫీస్ మొదలెట్టారు. ఇల్లు చేతులు మారితే వంటవాళ్ళంతా కట్టగట్టుకుని పక్కింట్లో పొయ్యి వెలిగించినట్టు. వ్యాపారానికి వాడుకున్నా పైసా కట్టక్కర్లేదు.

రెఫరల్ లెటర్లు, స్కూలు ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు, ఇన్సూరెన్సు వాళ్ళకి రాసే ఉత్తరాలు, వీటికి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా తెలుగుతో వచ్చింది, అదీ లిబ్రేఆఫీస్ తప్పు కాదు. "జ్వరం వస్తే ఏం చెయ్యాలి", "ఆరు నెలల తర్వాత ఏం పెట్టాలి" అని తల్లులకిచ్చే కరపత్రాలు అక్క ఎప్పుడో డీటీపీ షాపులో టైపు చేయించింది. అన్నీ అను ఫాంట్లలో. తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గీతలు. ఆ ఫాంటు లేని మిషన్లో అది తెలుగే కాదు మరి. రిసెప్షన్లో అమ్మాయి లేఖిని నేర్చుకుని పది రోజుల్లో అన్నీ యూనికోడ్‌లోకి మళ్ళీ కొట్టేసింది. పైగా డీటీపీ ఆయన "ఓఆర్ఎస్ లీటరు నీళ్ళలో" అన్న చోట "లీటరు పాలలో" అని కొట్టి ఉన్నాడని పట్టుకుంది కూడా. అన్నేళ్ళ బట్టీ ఆ కాగితం పంచుతూనే ఉన్నారు!

ఇక ఈఎంఆర్ పక్కన పెట్టి వాడటం దగ్గరికొద్దాం. అందులో "లెటర్" అని ఒక బటన్ ఉంది. నొక్కితే నేరుగా మైక్రోసాఫ్ట్ వర్డ్‌ని పిలుస్తుంది, వర్డ్ లేకపోతే ఉలుకూ పలుకూ ఉండదు. కోడులో వర్డ్ పేరే రాసిపెట్టేశారు. కంపెనీకి ఫోన్ చేస్తే "అందరి దగ్గరా వర్డ్ ఉంటుంది కదండీ" అన్నారు. ఆ ఉండటం ఎలా ఉంటుందో పైన చెప్పుకున్నాం. చివరికి ఆ బటన్ వదిలేశాం. ఈఎంఆర్ నుంచి సీఎస్వీ తీసి రైటర్‌లో మెయిల్ మెర్జ్ చేస్తున్నాం.

ఆ సీఎస్వీ దగ్గరే అసలు తిప్పలు. టీకాల రిమైండర్ల సంగతి చూడండి. ఆరు, పది, పధ్నాలుగు వారాలకి పెంటావాలెంట్, తొమ్మిది నెలలు నిండాక మీజిల్స్-రుబెల్లా. అన్నీ తేదీల లెక్క. కాల్క్ లోకేల్ అమెరికా ఇంగ్లీషు అని ఉంటే 03/04 అన్నది ఏప్రిల్ మూడు కాదు, మార్చి నాలుగు. రోజు 12 లోపు ఉన్న తేదీలన్నీ తారుమారైపోతాయి, 13 దాటినవి వట్టి టెక్స్టుగా మిగిలిపోతాయి. అంటే తప్పు అన్నిచోట్లా ఉండదు, కొన్నిచోట్లే ఉంటుంది. అదే ప్రమాదం. అన్నీ తప్పయితే ఎవరికైనా కనబడుతుంది. ఇంపోర్ట్ చేసేటప్పుడే ఆ కాలమ్‌ని రోజు-నెల-సంవత్సరం వరసలో తేదీగా, ఫోన్ నంబర్నీ ఆభా నంబర్నీ టెక్స్టుగా, అక్షరాల్ని యూటీఎఫ్-8గా ఎంచుకోవాలి. కాల్క్ ఇవన్నీ ముందే అడుగుతుంది. డబుల్ క్లిక్కుతో తెరిస్తే పాత ఎక్సెల్ అయితే అడగను కూడా అడగదు. 14 అంకెల ఆభా నంబర్ని సైంటిఫిక్ లెక్కలా చూపిస్తుంది, తెలుగు పేర్లని ఒక్కోసారి చెత్త చేస్తుంది.

ఇది మన గల్లీ గోల అనుకునేరు. ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని 2020లో శాస్త్రవేత్తలు కొన్ని మానవ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. మార్చ్1 అన్న జన్యువు మార్చ్‌ఎఫ్1 అయింది. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో పాత ఎక్స్ఎల్ఎస్ ఫైలు 65,536 వరసలతో ఆగిపోవడంతో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు లెక్కలోకి రావడం ఆలస్యమైంది. వాళ్ళని కలిసినవాళ్ళని వెతకడమూ ఆలస్యమైంది.

అయినా నాకు నిద్రపట్టనివ్వనిది తేదీల గొడవ కాదు. నాలుగైదు నెలలు గడిచాక ఒక ఆదివారం వెళ్ళి చూస్తే, రిమైండర్ల షీట్లో కొత్త కాలమ్ ఒకటి కనబడింది. పేరు "నోట్". "తండ్రి దుబాయ్‌లో", "సోమవారం రారు", "బాకీ 200" లాంటివి. మధ్యలో ఒక వరసలో "సల్ఫా పడదు".

అది ఈఎంఆర్‌లో ఉందా అని చూస్తే లేదు. ఆ అమ్మాయిని ఏమీ అనడానికి లేదు. ఈఎంఆర్‌లో ఎలర్జీ నమోదు చెయ్యాలంటే నాలుగు స్క్రీన్లు దాటాలి, పైగా ఆమె లాగిన్‌తో అది తెరుచుకోదు. తల్లి ఫోన్లో చెప్పింది, ఎదురుగా షీటు తెరిచి ఉంది, రాసుకుంది. "మేడంకి కూడా చెప్పానన్నా" అంది. చెప్పే ఉంటుంది, ఓపీ టైములో నలభై మంది మధ్య. నెల ముందు అక్క పెళ్ళికి ఊరెళ్ళినప్పుడు వేరే డాక్టరు వచ్చి కూర్చున్నారు. ఆ పిల్లాణ్ణి అప్పుడే తీసుకొచ్చారట. ఆయన ఈఎంఆర్ చూశారు, ఎలర్జీలు లేవు అని ఉంది. తల్లి గుర్తుంచుకుని తనే చెప్పింది కాబట్టి సరిపోయింది.

ఉచితమా, కొన్నదా అన్న చర్చ ఇక్కడ అక్కరకు రాదు. ఆ షీటు ఎక్సెల్ అయినా ఇదే జరిగేది. ఈఎంఆర్ ఎంత ఇబ్బంది పెడితే పక్కన అంత పెద్ద రెండో చిట్టా పెరుగుతుంది. కిరాణా కొట్లో రెండు చిట్టాలుంటే ఆదాయప్పన్ను వాళ్ళకి కోపం, అంతే. ఇక్కడ పసిపిల్లలు. లిబ్రేఆఫీస్ లాంటివి ఊరికే వస్తాయి, తేలిగ్గా తెరుచుకుంటాయి, ఎవర్నీ లాగిన్ అడగవు. ఆ సుఖమే రెండో చిట్టాకి ఎరువు.

ఇప్పుడు పద్ధతి మార్చాం. షీట్లో పేరు, ఫోను, టీకా, తేదీ తప్ప ఏమీ ఉండకూడదు. ప్రతి సోమవారం ఈఎంఆర్ నుంచి కొత్తగా తీస్తారు, శనివారం చెరిపేస్తారు. చెరిపేస్తారని తెలిస్తే అందులో ఎవరూ ఏమీ దాచుకోరు, ఇది బాగా పనిచేసింది. ఫైలుకి పాస్‌వర్డ్ ఉంది, వాట్సాప్‌లో పంపడం బంద్. ఎలర్జీ వింటే ఎర్ర కాగితం మీద రాసి అక్క బల్ల మీద పెట్టాలి, ఆ పూటే అక్క ఎక్కిస్తుంది. కాగితమే! ఒహాయో కోసం మూడు వారాలు మీటింగులు పెట్టినవాణ్ణి, మియాపూర్లో ఎర్ర కాగితం దగ్గర ఆగా.

మరి ఈఎంఆర్ కూడా ఉచితమైందే పెట్టొచ్చుగా అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. ఓపెన్‌ఎమ్మారెస్ 2004 నుంచీ ఉంది. దాని మీద కట్టిన బహ్మ్నీ, ఛత్తీస్‌గఢ్‌లో గనియారి అనే పల్లెటూరి ఆస్పత్రి అవసరాల్లోంచి పుట్టింది. రెండూ మంచివే. కానీ సాయంత్రం ఏడింటికి ఓపీ మధ్యలో సర్వర్ పడుకుంటే లేపేదెవరు? నేనా? నాకు ఆ టైములో అమెరికా కాల్స్. బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్ళు సొంతంగా ఐస్మార్ట్ అని ఈఎంఆర్ కట్టుకుని 2010 నుంచి లక్షల మంది పేషెంట్ల రికార్డులు అందులో పెట్టారంటే, వాళ్ళకి అందుకోసం మనుషులున్నారు. ఒక డాక్టరూ ఒక రిసెప్షనిస్టూ ఉన్న చోట ఆ భారం పెట్టడం నా సరదా కోసమే అవుతుంది. వద్దన్నా.

అందుకని అక్కకి ఒకటే చెప్పా, బయటికి దారి ఉందో లేదో ముందు చూసుకో అని. కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో ఇచ్చి 2016లో సవరించిన ఈహెచ్ఆర్ ప్రమాణాల ప్రకారం ఆ సమాచారం పేషెంటుది, డాక్టరు దగ్గర ఉన్నది నమ్మకం మీద ఉంచినది. అద్దె ప్రోగ్రాము కంపెనీది అని మాత్రం ఎక్కడా లేదు. మొత్తం డేటా ఇమ్మని అడిగితే "పీడీఎఫ్ ఇస్తాం మేడం, ఒక్కో పేషెంటుకి ఒక్కోటి" అన్నారు. వేల పీడీఎఫ్‌లు ఏం చేసుకోను, సీఎస్వీ ఇవ్వండి, లేకపోతే రెన్యువల్ మీద సంతకం పెట్టను అని అక్క గట్టిగా కూర్చుంది. పోయిన వారం ఫైలు వచ్చింది. కాల్క్‌లో తెరిచి చూశాం. పిల్లల బరువులన్నీ ఉన్నాయి, ఏ బరువు ఏ రోజు చూసిందో ఆ తేదీ కాలమ్ లేదు. తిప్పి పంపాం. రెన్యువల్ గడువు ఇంకా పద్దెనిమిది రోజులుంది.