అందరినీ అంటే... అందరినీ!

'డాడీ... రాజుగాడు చచ్చిపోయాడు!'

వంటింట్లో నీళ్లు తాగుతున్నవాణ్ణి పరుగున వచ్చాను. రాజుగాడు మా నాయన పెంచిన కుక్క. అది పోయి అప్పటికి మూడేళ్లు. మళ్లీ చచ్చిపోవడమేమిటి? మావాడు కంప్యూటర్ ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. పక్కనే కుర్చీలో మా నాయన, తెర వంక, మనవడి వంక మార్చిమార్చి చూస్తున్నాడు.

రెండేళ్ల కిందటి వేసవి సెలవుల్లో సంగతి ఇది. మావాడికి మైన్‌క్రాఫ్ట్ పిచ్చి. 2009లో స్వీడన్ కుర్రాడు మార్కస్ పెర్సన్ మొదలుపెట్టిన ఆట. 2014లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. గెలవడం, ఓడడం అంటూ పెద్దగా ఉండదు. చదరపు దిమ్మెలు తవ్వుకుని, పేర్చుకుని ఎవరి లోకం వాళ్లు కట్టుకోవడమే. 'రోజంతా ఇటుకలు పేర్చడం ఏం ఆటరా?' అని నేను విసుక్కునేవాణ్ణి. మా నాయన మాత్రం విసుక్కోలేదు. దానికో కారణం ఉంది.

మా నాయన మార్కాపురంలో పలకల పనివాడు. బండలోంచి ఉలితో పొరలు లేపడం, కొలతకు కోయడం, నున్నగా రుద్దడం, చెక్క ఫ్రేము బిగించడం... వయసంతా ఆ పనిలోనే గడిచింది. పిల్లల చేతికి నోటు పుస్తకాలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చాక రాతిపలకను అడిగే నాథుడు తగ్గాడు. ఆ ఆటలో 2021 నుంచి 'డీప్‌స్లేట్' అని ఓ నల్లరాయి ఉంది. స్లేట్ అంటే పలకరాయేగా! ఆ మాట మనవడి నోట విన్నరోజు నుంచి ఆయన కంప్యూటర్ పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఆయన చెబుతుంటే వీడు పాత పలకల షెడ్డు కట్టాడు. తలుపు ఎటుండేదో, రాళ్ల కుప్ప ఎక్కడుండేదో అన్నీ చెప్పించుకున్నాడు. ఓ తోడేలును మచ్చిక చేసి, మెడకు పట్టీ పడ్డాక 'రాజు' అని పేరు పెట్టి షెడ్డు గుమ్మంలో కూర్చోబెట్టాడు. నిజం రాజుగాడు అక్కడే కూర్చునేవాడు మరి.

గొడవ క్వారీతో వచ్చింది. 'రాయి ఊరికే వస్తదా? మందు పెట్టి పేల్చేవాళ్లు' అన్నాడు మా నాయన. ఆటలో పేలుడు మందు కూడా ఉంది. వీడు కుప్పలు కుప్పలుగా పెట్టి పేల్చాడు. వందల రాళ్లు ఊడి నేలమీద పడ్డాయి. పడ్డ ముక్కలన్నిటి లెక్కా కంప్యూటరే చూసుకోవాలి. మాదేమో సెకండ్ హ్యాండ్‌ది. బొమ్మ ఆగి ఆగి కదలడం మొదలుపెట్టింది.

అప్పుడు వాడికి గిద్దలూరులో ఉన్న వాళ్ల బావ, అంటే మా చెల్లెలి కొడుకు, గుర్తొచ్చాడు. ఫోన్ చేస్తే బావ ఓ కమాండ్ చెప్పాడు. 'కిల్' అని కొట్టాలి. పక్కన @ గుర్తు, ఆ తర్వాత 'ఈ' అక్షరం. ఈ అంటే 'ఎంటిటీ'. కదిలేవీ, కిందపడి ఉండేవీ అన్నమాట. ఆ పక్కన చదరపు బ్రాకెట్లో రెండు షరతులు. 'ఆర్' అంటే ఎంత దూరంలోపలో, 'టైప్' అంటే ఏ రకానివో. ఇరవై దిమ్మెల దూరంలో కిందపడ్డ వస్తువుల్ని తీసెయ్యి అని దాని అర్థం.

గిద్దలూరులో పనిచేసిన కమాండ్ మార్కాపురంలో పనిచేయలేదు! 'ఆర్ అనే ఆప్షన్ నాకు తెలియదు' అంటూ ఎర్ర అక్షరాలు. బావ ఆడేది ఫోన్‌లో, వీడు ఆడేది కంప్యూటర్‌లో. పేరొకటే గానీ ఆటలు రెండు. ఫోన్‌లో ఉండేదాన్ని 'బెడ్‌రాక్' అంటారు. మావాడి కంప్యూటర్‌లో ఉన్నది 'జావా'. జావాలో 2018లో కమాండ్ల వ్యాకరణం మార్చేశారు. 'ఆర్' పోయి 'డిస్టెన్స్' వచ్చింది. బెడ్‌రాక్‌లో పాతదే నడుస్తోంది. గిద్దలూరికీ మనకీ ఒకే రైలు మార్గం, మధ్యలో కంభం. ఇంత దగ్గరి ఊళ్ల మధ్య భాష మారుతుందని మాకేం తెలుసు?

ఇక్కడే నా ఘనకార్యం. వీడు 'పనిచేయట్లేదు డాడీ' అని అరిస్తే, తెర వంక సరిగా చూడనైనా చూడకుండా 'ఎర్రగా ఉన్నదంతా తీసెయ్ రా' అనేసి నీళ్ల కోసం వెళ్లాను. వాడు తీసేశాడు. బ్రాకెట్ మొత్తం పోయింది. మిగిలింది 'కిల్, @, ఈ' మాత్రమే. ఈసారి ఎర్ర అక్షరం ఒక్కటీ రాలేదు. కంప్యూటర్ లెక్కలో అందులో తప్పేం లేదు మరి. షరతు లేకపోతే ఎంటిటీలన్నీ అని అర్థం. రాళ్లు, కోళ్లు, ఆవులు, ఊరి జనం, రాజుగాడు, ఆడుతున్న మావాడితో సహా అందరూ! గోడకు ఫ్రేముల్లో తగిలించిన వస్తువులు ఫ్రేములతో పాటే మాయం. షెడ్డు మాత్రం చెక్కుచెదరలేదు. దిమ్మెలు ఎంటిటీలు కావు. పెట్టెల్లో దాచినవీ భద్రం. చిత్రం చూడండి, చచ్చిన ఆవుల మాంసం, తోళ్లు మళ్లీ నేలమీద పడ్డాయి. చెత్త తీద్దామని పోతే కొత్త చెత్త!

వెనక్కి తీసుకునే బటన్ కోసం గంటసేపు వెతికాను. లేదు. ఆ లోకానికి ముందే ఓ నకలు తీసి పెట్టుకుంటే సరిపోయేది. మేం తీయలేదు. ఇంకో సంగతి తెలిసి నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నేలమీద పడ్డ వస్తువులు అయిదు నిమిషాలైతే వాటంతటవే మాయమవుతాయట!

రాత్రి వాడు అన్నం తినలేదు. మా నాయన ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు నేనే కూర్చున్నాను. చేసిన తప్పు అర్థం కావాలి కదా. రాళ్లలో కూడా ఫలానా రాయినే తీసెయ్యాలంటే ఎలా అని పట్టుకున్నాను. టైప్ 'ఐటెమ్' అని పెట్టి, పక్కన 'ఎన్‌బీటీ' అని ఆ వస్తువు వివరాలు రాయాలి. రాశాను. వ్యాకరణం తప్పనలేదు, రాయీ పోలేదు. 'ఎవరూ దొరకలేదు' అని మాత్రం వచ్చింది. కళ్లెదుట కుప్ప ఉంటే దొరకకపోవడమేంటి? మధ్యాహ్నం దాటాక గుట్టు తెలిసింది. టైప్ దగ్గర 'ఐటెమ్' అంతా చిన్నక్షరాల్లో ఉండాలి. ఎన్‌బీటీలో మొదటిది పెద్దక్షరం కావాలి. పైగా అక్కడ రాయి పేరుకు ముందు 'మైన్‌క్రాఫ్ట్' అని, రెండు చుక్కలు పెట్టి, రాయాలి. అంటే ఇంటిపేరు! ఇంట్లో పిల్లాణ్ణి ఉత్తపేరుతో పిలిస్తే పలుకుతాడు. రిజిస్ట్రారు ఆఫీసులో ఇంటిపేరు లేకపోతే ఆ మనిషే లేడంటారు. టైప్ దగ్గర ఉత్తపేరు చాలు, ఎన్‌బీటీ దగ్గర రిజిస్ట్రారు ఆఫీసు. గిద్దలూరు బావకు ఇది చెప్పి గొప్పపోదామనుకున్నాను గానీ బెడ్‌రాక్‌లో ఎన్‌బీటీ షరతే లేదట.

అంతకన్నా పనికొచ్చేది ఇంకొకటి దొరికింది. చంపేముందు లెక్క చూసుకోవచ్చు. జావాలో 'కిల్' బదులు 'ఎగ్జిక్యూట్ ఇఫ్ ఎంటిటీ' అని కొట్టి, అవే షరతులు పెడితే ఎన్ని ఉన్నాయో చెప్పి ఊరుకుంటుంది. బెడ్‌రాక్‌లో అయితే 'టెస్ట్‌ఫర్'. నేను ముందురోజు ఆ పని చేయించి ఉంటే, వచ్చిన అంకె చూసైనా ఆగేవాళ్లం.

వారం తర్వాత మావాడు మళ్లీ ఓ తోడేలును తెచ్చి మచ్చిక చేశాడు. రాజు అని పేరు పెట్టమన్నాను. 'వద్దు డాడీ, ఇది వేరే కుక్క' అన్నాడు. ఇప్పటికీ దానికి పేరు లేదు. గుమ్మంలో కాకుండా షెడ్డు వెనక కూర్చోబెట్టాడు.

మా నాయన మళ్లీ కుర్చీ వేసుకున్నాడు. ఇంగ్లిషు రాదు గానీ, వీడు స్లాష్ కొట్టాడంటే ఏదో కమాండ్ వస్తోందని ఆయనకు తెలిసిపోతుంది. చెయ్యి పట్టుకుని ఆపుతాడు.

'అబ్బయ్యా... లెక్క చూసినావా? అందులో మన కుక్క లేదు గదా?'

'చూశాను తాతా. రాళ్లే.'

'ఇంకోసారి చూడు.'