'కాపిటల్' ఎక్కడ మొదలుపెట్టాలి?

మార్క్స్ 'కాపిటల్' పట్టుకున్నవాళ్లలో చాలామంది మొదటి అధ్యాయంలోనే ఆగిపోతారు. 20 గజాల నారబట్ట ఒక కోటుకు సమానమంటూ పేజీలకు పేజీలు సాగే చర్చ అంత తేలిగ్గా కొరుకుడుపడదు. అది కష్టమని 1867లో ముందుమాటలో ఆయనే చెప్పాడు. మిత్రుడు కుగెల్‌మన్ భార్యకైతే 'పనిదినం' లాంటి అధ్యాయాలు సూచించాడు.

నేనూ అదే చెప్తాను. 'పనిదినం' అధ్యాయంలో మేరీ ఆన్ వాక్లీ ఉంది. లండన్‌లో బట్టలు కుట్టే 20 ఏళ్ల అమ్మాయి. 1863లో 26 గంటలకు పైగా ఆగకుండా పనిచేసి, జబ్బుపడి చనిపోయింది. ఆమె గురించి చదివాక, శ్రమకు విలువ కట్టేదెవరన్న ప్రశ్న మనదైపోతుంది. అప్పుడు మొదటి అధ్యాయానికి వెళ్లండి. కష్టం తగ్గదు గానీ వదలబుద్ధి కాదు. తోడుగా రంగనాయకమ్మ గారి తెలుగు పరిచయం ఉండనే ఉంది. దయచేసి చదవండి.